పాన్స్ నెగటివ్ స్కోరు 26 నుంచి 21కి దిగింది, ఇంట్లోవాళ్ళేమో 'ఏం మారలేదు' అంటున్నారు

వేకువ
అందరికీ నమస్కారం. సైకియాట్రీ పీజీ రెండో ఏడు చదువుతున్నాను. మొదటి ఎపిసోడ్ స్కిజోఫ్రీనియాలో నెగటివ్ లక్షణాలు (ముఖంలో భావం, మాట, ఆసక్తి, పూనిక తగ్గిపోవడం లాంటివి) ఏడాది పొడుగునా ఎలా మారతాయన్నది నా థీసిస్. చేరినప్పుడు, 3 నెలలకు, 6 నెలలకు, 12 నెలలకు పాన్స్ (లక్షణాల తీవ్రతకి అంకెలు వేసే స్కేలు, అంకె పెరిగితే తీవ్రత ఎక్కువ) వేస్తున్నాను. ఇప్పటికి 38 మంది చేరారు. 3 నెలల దగ్గర సగటు బాగానే దిగింది, గైడు సార్ కూడా సంతోషించారు.

నాకే మనసొప్పడం లేదు. ఒక అబ్బాయి ఉన్నాడు (అనుమతి తీసుకున్నాను, ఆనవాళ్ళు మార్చాను). చేరినప్పుడు నెగటివ్ స్కోరు 26, 3 నెలలకు 21. ఫైల్లో 'మెరుగు' అని రాశాను. బయటికొస్తుంటే వాళ్ళమ్మగారు ఆపి, "మాటలు వినపడటం తగ్గిందమ్మా, అది నిజమే. కానీ పొద్దున లేచి ఆ మంచం మీదే కూర్చుంటాడు, సాయంత్రం దాకా అక్కడే. అది మటుకు ఏం మారలేదు" అన్నారు. నేను రాసిన అంకె తప్పా, ఆవిడ చూస్తున్నది వేరేదా?

కొలబద్ద
వేకువ గారూ, మొత్తం స్కోరు పక్కనపెట్టి నెగటివ్ భాగంలోని ఏడు అంశాలూ విడివిడిగా ఇక్కడ రాయగలరా? సాధారణ లక్షణాల భాగంలోని జీ7, జీ16 కూడా రాయండి. వాటితో పనుంది.

వేకువ
ఇవిగో. మొదటి అంకె చేరినప్పటిది, రెండోది 3 నెలలది.
ఎన్1 ముఖంలో భావం తగ్గడం: 4, 4
ఎన్2 మనసు ముడుచుకుపోవడం: 4, 4
ఎన్3 మనతో మాట కలవకపోవడం: 3, 2
ఎన్4 ఆసక్తి లేక జనానికి దూరంగా ఉండిపోవడం: 4, 4
ఎన్5 అమూర్త ఆలోచన కష్టమవడం: 4, 2
ఎన్6 మాట తనంతట రాకపోవడం: 3, 3
ఎన్7 ఒకే ఆలోచన చుట్టూ తిరగడం: 4, 2
జీ7 కదలికలు మందగించడం: 2, 3
జీ16 కావాలని జనాన్ని తప్పించుకోవడం: 4, 2

కొలబద్ద
ఆ తల్లి చెప్పింది అక్షరాలా నిజమని మీ పట్టికే చెబుతోంది. తగ్గిన 5 పాయింట్లలో 4 ఎన్5, ఎన్7 నుంచి వచ్చినవి. సామెత చెప్పి అర్థం అడగడం, రెండు వస్తువుల పోలిక అడగడం, ఒకే మాట పట్టుకుని వేలాడటం. ఇవి ఆలోచన తీరుకు సంబంధించినవి. సైకోసిస్ (భ్రమలు, లేని మాటలు వినపడటం లాంటి స్థితి) సర్దుకుంటే ఆలోచన చక్కబడుతుంది, స్కోరు దిగుతుంది. ఆ తల్లి చూస్తున్న మంచం ఎన్2, ఎన్4లో ఉంది. అక్కడ 4 నాలుగులాగే ఉంది.

పాన్స్‌ను కే, ఫిజ్‌బైన్, ఓప్లర్ 1987లో ఇచ్చారు. 30 అంశాలు, ఒక్కోటి 1 నుంచి 7. నెగటివ్ భాగంలో ఎన్5, ఎన్7 ఇమడవని ఆ తర్వాతి ఫాక్టర్ విశ్లేషణల్లో (ఏ అంశాలు కలిసి కదులుతాయో చూసే లెక్కల్లో) పదేపదే తేలింది. అందుకే చాలామంది 1997 నాటి మార్డర్ ఫాక్టర్ వాడతారు: ఎన్1, ఎన్2, ఎన్3, ఎన్4, ఎన్6, వాటికి జీ7, జీ16. మీ అబ్బాయికి వేసి చూడండి. 24 నుంచి 22.

ఆ రెండు పాయింట్ల లోపలికి కూడా వెళ్ళాలి. జీ16 రెండు తగ్గింది. వీధిలోకి వెళితే ఎవరో వెంటాడతారన్న భయం లాంటిది పోయి తగ్గి ఉంటుంది. అది పాజిటివ్ లక్షణం (భ్రమ, లేని మాట వినపడటం లాంటిది) నీడ, నీడ పోయింది. ఎన్3 ఒకటి తగ్గింది, మీతో పరిచయం పెరిగినా తగ్గుతుంది. జీ7 ఒకటి పెరిగింది. మందు మొదలయ్యాక కదలికలు మందగిస్తే మొదట అనుమానించాల్సింది మందునే. మూడు వేర్వేరు కారణాలు ఒకే కూడికలో పడి 'కొంచెం మెరుగు' అయ్యాయి.

ఒక మాట అడగాలి. ఎన్2, ఎన్4, జీ16 ఎవరినడిగి వేశారు?

వేకువ
అబ్బాయినే అడిగి వేశాను. ఓపీలో టైము దొరకదు. వాళ్ళమ్మగారు చెప్పిన మాట కూడా రేటింగ్ అయిపోయాక విన్నదే.

కొలబద్ద
అక్కడే పొరపాటు జరిగింది. ఎన్4, జీ16 ఇంట్లోవాళ్ళో, రోజూ చూసుకునేవాళ్ళో చెప్పిన దాన్ని బట్టి వేయాలని స్కేలు మాన్యువల్లోనే ఉంది. ఎన్2కి ఆ సమాచారంతో పాటు ఇంటర్వ్యూలో మీరు గమనించింది కావాలి. అబ్బాయి మీ ముందు కూర్చునేది నలభై నిమిషాలు, మీరు కొలవాల్సింది ఏడు రోజులు. "ఈ వారంలో ఏం చేశావు?" అంటే "ఏం లేదు" అంటాడు. అది లక్షణమా, సిగ్గా, గుర్తులేకపోవడమా? ఎవరో ఒకరు నిన్నటి రోజును గంటగంటా చెబితే తప్ప తేలదు.

నిదానం
నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. కొలబద్ద గారు చెప్పిన ప్రతి మాటతో ఏకీభవిస్తాను. ఒకటి కలుపుతాను.

అమ్మా వేకువా, 'నెగటివ్ లక్షణం' అని రాసిన ప్రతిసారీ పక్కన 'ఎందువల్ల' అని ఒక గడి ఉంచు. కార్పెంటర్, హెయిన్‌రిక్స్, వాగ్‌మన్ 1988లో గట్టిగా చెప్పింది ఇదే. రోగంలోంచి నేరుగా పుట్టిన మందకొడితనం వేరు, మరోదాని వల్ల వచ్చింది వేరు. భయంతో గదిలో కూర్చున్నా, దిగులుతో కూర్చున్నా, మందుతో బిగుసుకుపోయి కూర్చున్నా, నిద్రమత్తుతో కూర్చున్నా, పిలిచేవాళ్ళు లేక కూర్చున్నా స్కోరు మాత్రం 4. మొదటి ఏడాదిలో ఇవన్నీ ఒకేసారి ఉంటాయి, నెలనెలా వాటి పాళ్ళు మారిపోతుంటాయి. పాతికేళ్ళుగా జబ్బుతో ఉన్నవాళ్ళలో కొలవడం దీనితో పోలిస్తే తేలిక.

అందుకని ప్రతి విజిట్‌లో పాన్స్ పక్కన ఇంకో రెండు పెట్టు. దిగులుకి కాల్గరీ స్కేలు, 9 అంశాలు. దాన్ని స్కిజోఫ్రీనియా కోసమే తయారు చేశారు కాబట్టి దిగులునీ మందకొడితనాన్నీ అంతగా కలిపేయదు. బిగుసుకుపోవడానికి సింప్సన్ ఆంగస్, 1970 నాటిది, 10 అంశాలు. మోచెయ్యి, మణికట్టు వంచి చూడటానికి ఎంతసేపు పడుతుంది? ముఖంలో భావం లేదని 4 వేసే ముందు ఆ పిల్లాడు నిమిషానికి ఎన్నిసార్లు రెప్ప వేస్తున్నాడో, నడిచేటప్పుడు చేతులు ఊగుతున్నాయో లేదో చూడు.

మళ్ళీ మొదలు
నేను డాక్టర్ని కాను. ఈ జబ్బు వచ్చి ఆరేళ్ళు. ఇందాకటి నుంచి చదువుతున్నాను, రాయకుండా ఉండలేకపోయాను.

మొదటి ఏడాది ఒకచోట నా ఫైల్లో 'ముఖంలో భావం లేదు' అని రాశారు. ఆ రోజు నాకు లోపల నవ్వొస్తోంది. ఎదురుగా ఉన్నాయన ఏదో సరదా మాట అన్నారు, నాకు నచ్చింది, నవ్వాలనుకున్నాను. చెంపలు కదల్లేదు. మైనం ముద్ద మొహానికి అంటించినట్టుంది. తర్వాత మందు మార్చారు, మూడు వారాల్లో చెంపలు నా మాట విన్నాయి. (ఎవరూ సొంతంగా మందు ఆపకండి, నేను చెప్పేది డాక్టరుకి చెప్పమని.)

ఇంకోటి. మంచం దిగకపోవడం గురించి. ఇష్టం లేక కాదు చాలా రోజులు. ఏం మొదలుపెట్టినా చెడగొడతానని ముందే అనిపించేది. లేచి ఏదో చేసి, అది సగంలో వదిలేసి, అందరూ చూసే కన్నా లేవకపోవడం నయం అనిపించేది. ఆ సంగతి ఏ స్కేలూ నన్ను అడగలేదు. ఒక సైకాలజిస్టు మేడమ్ మాత్రం, "రేపు ఏది చేస్తే బాగుంటుందనిపిస్తుంది? చేస్తే ఏమవుతుందనిపిస్తుంది?" అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగారు. రెండో ప్రశ్నకి నేను ఏడ్చాను.

నిదానం
బాబూ, మీరు రాసినందుకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. చేస్తే చెడిపోతుందన్న ఆ ముందస్తు నమ్మకం గురించి గ్రాంట్, బెక్ 2009లో రాశారు. అలాంటి నమ్మకాలకీ నెగటివ్ లక్షణాలకీ సంబంధం ఉందని చూపించారు. మీరు దాన్ని వాళ్ళకన్నా స్పష్టంగా చెప్పారు.

తమ్ముడి అక్క
నేనూ డాక్టర్ని కాదండీ. మా తమ్ముడికి జబ్బు బయటపడి పదకొండు నెలలు. వాడికి చదరంగం ప్రాణం. ఇప్పుడు బోర్డు వాడి మంచం పక్కన బల్ల మీదే ఉంటుంది, చెయ్యి చాపితే అందుతుంది. ముట్టుకోడు. నేను వెళ్ళి పావులు పేర్చి, మొదటి ఎత్తు నేనే వేస్తే, ఆడతాడు. బాగా ఆడతాడు, నన్ను ఓడిస్తాడు, గెలిచినప్పుడు పెదవి చివర చిన్నగా నవ్వు కూడా కనిపిస్తుంది. మర్నాడు మళ్ళీ బోర్డు అలాగే ఉంటుంది.

డాక్టరు గారు, "వాడికి ఆనందం కలుగుతుందా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. కలుగుతుంది అంటే మంచం మీది పదకొండు నెలలు అబద్ధమైపోతాయి. కలగదు అంటే ఆ నవ్వు అబద్ధమైపోతుంది.

కొలబద్ద
అక్కా, రెండూ నిజమే. ఈ రంగంలోవాళ్ళు ఆ రెంటికీ తేడా పట్టుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒకటి చేస్తున్నప్పుడు కలిగే ఆనందం, రెండోది చేస్తే బాగుంటుందని ముందే ఊహించుకునే ఆనందం. క్రింగ్, గోల్డ్ తదితరుల పనిలో తేలిందేమిటంటే, స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో మొదటిది మనం అనుకున్నంతగా దెబ్బతినదు, చిక్కు ఎక్కువగా రెండోదానిలోనూ దాన్ని పనిగా మార్చుకోవడంలోనూ ఉంటుంది. మీ తమ్ముడికి ఆటలో రుచి ఉంది. బోర్డు చూసినప్పుడు ఆ రుచి ముందుగా నాలుక మీదికి రావడం లేదు.

కొత్త స్కేళ్ళు అందుకోసమే వచ్చాయి. 2005లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ (ఎన్ఐఎంహెచ్) పిలిచిన సమావేశంలో నెగటివ్ లక్షణాలంటే ఈ ఐదూ అని ఒప్పుకున్నారు: భావం ముఖంలో గొంతులో తగ్గడం, మాట తగ్గడం, మనుషుల పట్ల ఆసక్తి తగ్గడం, ఆనందం తగ్గడం, పూనిక తగ్గడం. శ్రద్ధ లోపం ఆ జాబితాలో లేదు, ఆండ్రియాసన్ 1980ల్లో ఇచ్చిన సాన్స్ అనే నెగటివ్ లక్షణాల స్కేలులో ఉండేది. ఆ సమావేశం ఫలితంగా రెండు స్కేళ్ళు వచ్చాయి. బీఎన్ఎస్ఎస్ 2011లో, కెయిన్స్ 2013లో. రెంటిలోనూ 13 అంశాలే. బీఎన్ఎస్ఎస్‌లో పూనికకీ, మనుషుల పట్ల ఆసక్తికీ రెండేసి అంశాలున్నాయి: బయటికి కనిపించే పని ఒకటి, లోపల కలిగే కోరిక ఒకటి. ఊహించుకునే ఆనందానికి విడిగా మరో అంశం ఉంది. 'మళ్ళీ మొదలు' గారికి ఆ మేడమ్ విడదీసి అడిగారే, అలాంటి విడదీత అన్నమాట.

వేకువ
అయితే పాన్స్ వదిలేసి బీఎన్ఎస్ఎస్‌కి మారిపోనా? 38 మంది డేటా ఏమైపోతుంది?

గణకుడు
మారకండి, కలపండి. మధ్యలో కొలత మారిస్తే ముందు తర్వాత పోలిక పోతుంది. పాన్స్ మొత్తం 30 అంశాలు వేస్తూనే ఉండండి. మార్డర్ ఫాక్టర్ అందులోంచే వస్తుంది, ఒక్క రోగిని కూడా మళ్ళీ పిలవక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ ఇక నుంచి అదనంగా వేయండి.

నేను లెక్కల మనిషిని, మీ ఒక్క అబ్బాయి సంగతి తీసుకుంటాను. మీ గుంపులో ఈ స్కోరు ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) ఎంత? ఇద్దరు రేటర్ల (స్కోరు వేసేవాళ్ళ) మధ్య ఏకీభావం ఎంత, 1 అంటే పూర్తిగా అనుకుంటే?

వేకువ
విచలనం దాదాపు 5. ఏకీభావం 0.85 వచ్చింది, మొదట్లో పది వీడియోల మీద చూశాం.

గణకుడు
అయితే కొలతలోని దోషం 5 × √0.15, అంటే సుమారు 1.9. రెండు కొలతల తేడాకి 2.7. దాన్ని 1.96తో గుణిస్తే 5.4. అంటే మీ స్కేలు, మీ రేటర్లు, మీ గుంపు ఇలా ఉన్నప్పుడు ఒక మనిషి స్కోరు 5.4 కన్నా ఎక్కువ కదిలితేనే నిజంగా కదిలిందని ధైర్యంగా చెప్పగలం. మీ అబ్బాయి కదిలింది 5. ఫైల్లో 'మెరుగు' అన్న మాట అంకె మోయగలిగిన దానికన్నా బరువుగా ఉంది.

శాతాలు రాసేటట్టయితే ఒక జాగ్రత్త. పాన్స్‌లో లక్షణమే లేకపోతే 1, సున్నా కాదు. ఏడు అంశాలకీ కలిపి అడుగు 7. 26లోంచి 5 పోతే 19 శాతం అనిపిస్తుంది, అడుగు తీసేసి 19లోంచి 5 అంటే 26 శాతం. ఏ లెక్క వాడారో థీసిస్‌లో రాయకపోతే ఇంకొకరి ఫలితంతో పోల్చలేం.

ఇక గుంపు సగటు దిగడం గురించి. మీరు మనుషుల్ని చేర్చుకున్నది వాళ్ళ రోజులు అతి అధ్వాన్నంగా ఉన్నప్పుడు. అక్కడి నుంచి ఏం చేసినా, చేయకపోయినా సగటు కొంత దిగుతుంది. 2015లో సావిల్ బృందం దీర్ఘకాలిక అధ్యయనాలన్నీ కలిపి మెటా విశ్లేషణ చేస్తే, నెగటివ్ లక్షణాలు ప్లాసిబో (మందు లేని ఉత్తి మాత్ర) తీసుకున్నవాళ్ళలో కూడా తగ్గాయి. నెగటివ్ లక్షణాలు రాయి మీద గీతలన్న పాత నమ్మకానికి అది దెబ్బ. నిజంగా మంచి వార్త. అదే సమయంలో 'తగ్గింది కాబట్టి మా చికిత్సే కారణం' అనే వాదనకీ దెబ్బే.

రాని వాళ్ళెందరు?

వేకువ
6 నెలల విజిట్‌కి రావాల్సిన 24 మందిలో 17 మందే వచ్చారు.

గణకుడు
ఆ ఏడుగురు ఎందుకు రాలేదో కనుక్కోండి. పూనిక లేకపోవడమే మీరు కొలుస్తున్న లక్షణం, పూనిక లేనివాడే విజిట్‌కి రాడు. వచ్చినవాళ్ళ సగటు మాత్రమే గీస్తే గీత కిందికి దిగుతుంది, నిజానికి బాగాలేనివాళ్ళు గీతలోంచి జారిపోయి ఉంటారు. మిక్స్‌డ్ మోడల్ వాడండి, అది ఉన్న కొలతలన్నీ వాడుకుంటుంది. కానీ రాకపోవడానికి కారణం మనం చూడని స్కోరే అయితే అదీ కాపాడలేదు. ఫోన్ చేసి ఇంట్లోవాళ్ళను ఎన్4 సంగతులైనా అడగండి. లేనిదానికన్నా మేలు.

38 మందితో 'మూడు రకాల గమనాలు' అని గుంపులు విడదీసే మోడల్ జోలికి మాత్రం వెళ్ళకండి. గైడు అడిగినా సరే.

కొలబద్ద
రేటర్ మెల్లగా జరిగిపోవడం గురించి కూడా రాస్తాను, ఇది నాకే జరిగింది. ఏడాది పాటు ఒకే మనుషుల్ని చూస్తే వాళ్ళ మీద ప్రేమ పుడుతుంది. అది మంచిదే, కానీ 4 వేయడానికి చెయ్యి రాదు. మొదట్లో 4 అనుకున్న ముఖం పదో నెలలో 'వాడి ముఖమే అంత' అనిపించి 3 అవుతుంది. అందుకే మొదటి నెలా పదో నెలా తీసిన వీడియోలు కలిపేసి, ఏది ఎప్పటిదో తెలియకుండా ఇంకొకరితో వేయించండి. ఏకీభావం మొదట్లో ఒక్కసారి చూస్తే సరిపోదు, మధ్యలో కూడా చూడాలి.

నిదానం
మొదటి ఏడాదిలోనే 'డెఫిసిట్' (రోగంలోంచి నేరుగా పుట్టి నిలిచిపోయిన మందకొడితనం) అన్న ముద్ర వేయకు. ఆ నిర్వచనానికే 12 నెలలు కావాలి, మధ్యలో సైకోసిస్ సద్దుమణిగిన రోజుల్లోనూ అవే లక్షణాలు ఉండాలి. 'నిలిచిపోయిన నెగటివ్ లక్షణాలు' అనడానికి వాడుకలో ఉన్న గడువు 6 నెలలు, పాజిటివ్ లక్షణాలు, దిగులు, బిగుసుకుపోవడం తక్కువగా ఉన్నాయని చూపించి మరీ. ఉపశమనానికి ఆండ్రియాసన్ బృందం 2005లో ఇచ్చిన కొలమానం కూడా ఎనిమిది అంశాల్లో 3 లేదా తక్కువ, అదీ 6 నెలల పాటు. ఆ ఎనిమిదిలో ఎన్1, ఎన్4, ఎన్6 ఉన్నాయి. గొంతులు ఆగిపోతే చాలదని వాళ్ళు అప్పుడే గుర్తించారు.

కొత్త మందుల పరీక్షలూ ఇదే దారి పట్టాయి. కారిప్రజీన్‌ను రిస్పెరిడోన్‌తో పోల్చిన 2017 నాటి పరీక్షలో 461 మందిని 26 వారాలు చూశారు. పాజిటివ్ లక్షణాలు తక్కువగా, నిలకడగా ఉన్నవాళ్ళనే తీసుకున్నారు, నెగటివ్ ఫాక్టర్ స్కోరే ముఖ్య కొలత. మెరుగు కనబడితే అది మరోదాని నీడ కాదని చెప్పగలగడానికే ఆ జాగ్రత్తంతా. నీ దగ్గర అలా ఏరుకునే వీలు లేదు, అందరూ ఇప్పుడిప్పుడే జబ్బు పడ్డవాళ్ళు. నువ్వు చేయగలిగింది ప్రతిసారీ నీడల్ని కూడా కొలవడం.

వేకువ
మూడు వారాల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

ఆ అబ్బాయి 6 నెలల విజిట్‌కి వచ్చాడు. ఈసారి ముందు వాళ్ళమ్మగారితో కూర్చుని నిన్నటి రోజు గంటగంటా అడిగాను. సింప్సన్ ఆంగస్ వేశాను. మోచెయ్యి వంచుతుంటే పళ్ళచక్రంలా ఆగి ఆగి కదిలింది, నడకలో కుడిచెయ్యి ఊగడం లేదు. 3 నెలల వీడియో తీసి చూస్తే అప్పుడే ఉంది. నేను చూడలేదు. ఇది రాయడానికి కష్టంగా ఉంది. సార్‌కి చెప్పాను, మోతాదు తగ్గించారు. నిన్న మళ్ళీ చూశాను: జీ7 2కి వచ్చింది, ఎన్1 4 నుంచి 3కి వచ్చింది. వీడియో ఇంకొకరు చూసి, ఏ నెలదో తెలియకుండా, వాళ్ళూ 3 వేశారు. కాల్గరీ స్కోరు 2, కాబట్టి దిగులు పెద్దగా లేదు.

ఎన్4 అలాగే 4. మంచం అలాగే ఉంది. ఇప్పుడు కనీసం అది ముఖం సంగతి కాదని, భయం సంగతి కాదని తెలుసు. బీఎన్ఎస్ఎస్‌లో లోపలి కోరిక అడిగితే, "బయటికి వెళ్ళాలనే ఉంటుంది, లేచాక ఏం చేయాలో తెలియదు" అన్నాడు. సైకాలజిస్టు దగ్గరికి పంపాను, 'మళ్ళీ మొదలు' గారి రెండు ప్రశ్నలతో సహా. ఫైల్లో 'మెరుగు' కొట్టేసి, ఏ అంశం ఎందువల్ల కదిలిందో విడివిడిగా రాశాను.

రాని ఏడుగురిలో ఐదుగురి ఇళ్ళకి ఫోన్ కలిసింది. ముగ్గురు అసలు గది దాటి రావడం లేదట.

మళ్ళీ మొదలు
వేకువ గారూ, 'నేను చూడలేదు' అని రాశారే, నా ఫైల్లో ఆ మాట ఎవరూ రాయలేదు. ఆ అబ్బాయికి చెప్పారా? చెప్పండి. తన తప్పు కాదని తెలిస్తే చాలా తేడా ఉంటుంది.

వేకువ
వాళ్ళమ్మగారికి చెప్పాను, వాడికి నేరుగా చెప్పలేదు. గురువారం వస్తాడు, చెబుతాను.

తమ్ముడి అక్క
నాదొక చిన్న ప్రశ్న అండీ. మీరంతా చెప్పాక ఒక నోటుపుస్తకం పెట్టాను. ఈ వారం వాడు మూడు రోజులు తనంతట తానే పళ్ళు తోముకున్నాడు. మిగతా నాలుగు రోజులు బ్రష్ మీద పేస్టు పెట్టి నేను చేతికిచ్చాను. చదరంగం ఐదు రోజులు ఆడాడు, అన్నిసార్లూ నేనే మొదలుపెట్టాను. ఇలాంటివి డాక్టరు గారికి పనికొస్తాయా, చాదస్తం అనుకుంటారా?

కొలబద్ద
అక్కా, అలాగే రాయండి, మార్చకండి. సాన్స్‌లో శుభ్రతకి విడిగా ఒక అంశమే ఉంది, పాన్స్ ఎన్4లో రోజువారీ పనులు వదిలేయడం కలిసే ఉంటుంది. ఎన్ని రోజులు, ఎవరు మొదలుపెట్టారు, చెప్పాక ఎంతసేపటికి లేచాడు, ఈ మూడూ ఉంటే చాలు. 'బాగున్నాడు', 'బాలేడు' అని రాయకండి. వాడికి తెలిసేలా రాయండి, దాచి కాదు. వాడికే ఇష్టమైతే ఒక గడి వాడినే నింపనివ్వండి: ఈ రోజు ఏదైనా చేయాలనిపించిందా అని.

తమ్ముడి అక్క
అడిగానండీ. పెన్ను తీసుకున్నాడు. నిన్నటి గడిలో 'అనిపించింది' అని రాసి, ఏమిటో రాయలేదు. నేను అడగలేదు.